టీ ట్రేలో చెంచా

“నాను సూళ్ళేదే. సూడందాన్ని సూసినానని ఎలా సెప్పమంతావు?”

“సూడకపోడం ఏటత్తా? నీ స్టూలు ఆ తలుపుకి జానెడు దూరంలో ఉన్నాది.”

“ఉంటే? సెక్క తలుపులోంచి కనబడతాదేటి?”

“తలుపులోంచి సూడమన్నానా? నాను బయటికొచ్చినప్పుడు నా మొకం సూళ్ళేదా?”

“మొకం సూసి సాచ్చికం సెప్తే కమిటీ వోళ్ళు నవ్వుతారు.”

“నవ్వితే నవ్వనీ. ఒకటో తారీకు నుంచి రావొద్దని కాంట్రాక్టరు సెప్పీసినాడు. రేపు పదిన్నరకి ఆళ్ళు నా మాట నమ్మకపోతే నా పని పోనాది. పని పోడమే కాదు, అబద్దాలకోరునని పేరు కూడానూ.”

“అందికే రాయొద్దన్నాను. ఇన్నావా? రెండు నెల్లు ఓపిక పట్టీసుంటే వేరే డిపార్టుమెంటుకి మారిపోదువు.”

“నాను మారిపోతే నా సోట్లోకి ఇంకో ఆడగుంట వొస్తాది. దానికీ నువ్వు టీ అట్టుకెల్తావు. సెంచా మోగించుకుంటూ.”

నేను కడుగుతున్న గ్లాసు చేతిలోనే ఆగిపోయింది.

“ఏటన్నావు?”

“ఏటన్నానో నీకు తెల్సు. నాను లోపలున్న ప్రతిసారీ తలుపు కాడికొచ్చి ట్రేలో సెంచా మోగించీదానివి. ఆ సప్పుడు ఇని ఆడు సెయ్యి తీసీసీవోడు. అత్త నన్ను కాపాడతన్నాదని అనుకునీదాన్ని. మొన్న కూకుని ఆలోసించినాను. నువ్వు సప్పుడు సెయ్యకుండా ఒక్కసారి, ఒక్కసారి వొచ్చుంటే రేపు నాకు సాచ్చి ఉండీది.”

ఇది మెట్ల కింద టీ కాచుకునే గదిలో, సాయంత్రం నాలుగు గంటలప్పుడు జరిగిన మాట. చుట్టరికం లేకపోయినా అత్తా అని పిలుస్తూ నన్ను అడుగుతున్నది పైడితల్లి. ఇరవయ్యారేళ్ళ పిల్ల. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన అటెండరు. నేను అదే విభాగంలో పర్మనెంటు అటెండర్ని, అప్పటికి రిటైరవడానికి నాలుగు నెలలు ఉంది. మా విభాగం పెద్ద సారు మీద పైడితల్లి ఫిర్యాదు రాసింది. మర్నాడు కమిటీ ముందు విచారణ. నన్ను సాక్షిగా రమ్మంది. నేను రానన్నాను.

నా ఉద్యోగం గురించి రాయమని మా మనవరాలు పాత ప్రశ్నపత్రాల కట్ట ఒకటి నా ముందు పెట్టింది. వెనక వైపు ఖాళీగా ఉన్నాయి, పారేయడం ఎందుకు. నేను చదివింది అయిదో తరగతి. పెద్ద మాటలు రావు. విశ్వవిద్యాలయం పేరు రాయను, సారుల పేర్లు రాయను. చీపురు, తాళంచెవులు, టీ ట్రే పట్టుకుని కొత్తగా ఆ వరండాల్లోకి వచ్చే ఆడపిల్లలకు పనికొచ్చే నాలుగు సంగతులు చెబుతాను.

స్టూలు

మా ఆయన అక్కడే అటెండరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. మొదటి రోజు హెడ్డు గుమాస్తా గారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, పెద్ద సారు గది తలుపు పక్కనున్న చెక్క స్టూలు చూపించారు.

“ఇది మీ ఆయన కూర్చున్న స్టూలు. ఇక నీది. అటెండరుకి చెవులుండాలమ్మా, నోరుండకూడదు. బెల్లు వినపడాలి. అంతే.”

తర్వాత తలుపు పైనున్న ఎర్ర బల్బు చూపించారు. దాని స్విచ్చి లోపల సారు బల్లకింద ఉంటుంది. అది వెలిగితే లోపల ముఖ్యమైన పని జరుగుతోందని అర్థం. ఆరిపోయేదాకా ఎవరినీ పంపకూడదు. వైస్ ఛాన్సలర్ ఆఫీసు నుంచి మనిషొచ్చినా సరే.

నాకు ఆ నియమం నచ్చింది. ఊళ్ళో కలుపు తీసే పనిలో నియమం ఏముంటుంది? ఇక్కడ దీపం వెలిగితే ఆపాలి, ఆరితే పంపాలి. పొద్దున్నే గాజువాకలో బస్సెక్కి అందరికంటే ముందు వచ్చేదాన్ని. పాత చీర చింపి బల్లలు తుడిచేదాన్ని. చాక్‌పీసు ముక్కలు ఏరి డబ్బాలో దాచేదాన్ని. స్టూలు మీద కూర్చున్నానంటే ఎర్ర దీపం దాటి ఒక్కరు లోపలికి వెళ్ళలేదు. లెక్చరర్లను ఆపాను. ఒకసారి సారు బావమరిదినే ఆపాను. నిక్కచ్చి మనిషి అని పేరొచ్చింది. ఆ పేరు చూసుకుని చాలా ఏళ్ళు మురిసిపోయాను.

ఆ దీపం ఎప్పుడు వెలుగుతోంది, లోపల ఎవరున్నప్పుడు వెలుగుతోంది అని నన్ను నేను అడుక్కోలేదు. అడగడం నా పని కాదనుకున్నాను.

సత్యవతి

అప్పట్లో సత్యవతి అనే టైపిస్టు ఉండేది. తాత్కాలిక ఉద్యోగం. సన్నగా, ఎప్పుడూ చేతిలో ఒక రుమాలుతో ఉండేది. అప్పటి పెద్ద సారు డిక్టేషను అని పిలిచేవారు. ఆమె లోపలికి వెళ్ళాక దీపం వెలిగేది. మగ గుమాస్తాలు డిక్టేషనుకి వెళితే వెలిగేది కాదు. అది నా కళ్ళముందే రోజూ జరిగింది.

ఒకరోజు ఆమె బయటికొచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నా స్టూలు దగ్గర ఆగింది.

“నర్సమ్మా, ఇంకోసారి సారు పిలిస్తే నేను సీట్లో లేనని చెప్పు.”

“ఉన్నదాన్ని నేదని ఎలా సెప్తానమ్మా? అబద్దం నా వొల్ల కాదు” అన్నాను.

నిజం చెప్పే మనిషినని గొప్పగా అన్నాను ఆ మాట. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత రావడం మానేసింది. పెళ్ళి కుదిరిందేమో అన్నారు హెడ్డు గుమాస్తా గారు. కుదిరిందేమో అన్నాను నేనూ. ఇద్దరికీ కుదరలేదని తెలుసు.

ఆ సారు రిటైరైన రోజు పూలదండ పళ్ళెం పట్టుకున్నది నేనే.

ఆఫీసుల్లో జరిగే తప్పుడు పనులు చేసేవాడొక్కడి వల్ల జరగవు. తలుపు బయట కూర్చునేవాళ్ళు ఉండాలి, పెళ్ళి కుదిరిందేమో అనేవాళ్ళు ఉండాలి, దండ పట్టుకునేవాళ్ళు ఉండాలి. మొదటిదీ చివరిదీ నేనే చేశాను. మధ్యదానికి వంత పాడాను.

మేడమ్ కొట్టించిన మేకు

ఆయన తర్వాత ఒక మేడమ్ విభాగానికి పెద్దగా వచ్చారు. నేను చూసిన అందరిలోకీ మంచి బాస్ ఆవిడే. మంచి అంటే మెత్తన కాదు. గ్లాసు మీద వేలిముద్ర కనిపిస్తే మళ్ళీ కడిగించేవారు.

ఆవిడ వచ్చేదాకా మా అంతస్తులో ఆడవాళ్ళ బాత్రూమ్‌కి తాళం ఉండేది. తాళంచెవి ఆఫీసులో ఒక గుమాస్తా సొరుగులో ఉండేది. లెక్చరరైనా, స్కాలరైనా, స్వీపరైనా ఆయన దగ్గరికెళ్ళి చేయి చాపి అడగాలి. ఆయన తీరిగ్గా సొరుగు లాగేవాడు. “ఇందాకే కదమ్మా ఎల్లొచ్చావు?” అనేవాడు. పక్క సీట్లవాళ్ళు నవ్వేవారు. నెలసరి రోజుల్లో రెండోసారి అడగాల్సి వస్తే ఆ నవ్వు ఇంకోలా ఉండేది. కొందరు పిల్లలు ఆ నవ్వుకి జడిసి పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేశారు. ఇదంతా హాస్యం కింద జమ. ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు కదా.

మేడమ్ వచ్చిన మొదటి వారంలోనే ఒకసారి ఆ సొరుగు దగ్గర నిలబడాల్సి వచ్చింది. ఆవిణ్ణి చూసి ఆయన నవ్వలేదు, లేచి నిలబడి ఇచ్చాడు. కానీ ఆవిడ వెనక నిలబడ్డ స్వీపరు ముఖం ఆవిడ చూశారు.

“నర్సమ్మా, సుత్తి ఉందా?” అన్నారు గదిలోకొచ్చి.

నా దగ్గర లేనిదేముంది. విరిగిన బెంచీల నుంచి పీకి సాపు చేసిన మేకులు ఒక డబ్బాడు ఉన్నాయి. బాత్రూమ్ తలుపు పక్కన, ఆడవాళ్ళ చేతికందే ఎత్తులో ఒకటి కొట్టమన్నారు. కొట్టాను. తాళంచెవి దానికి తగిలించారు. ఆ సాయంత్రం నుంచి దాన్ని ఎవరూ ఎవరినీ అడగలేదు. గుమాస్తా ఒకటి రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు, ఆ తర్వాత మరిచిపోయాడు. లోకమేమీ తలకిందులు కాలేదు.

ఏటా మహిళా దినోత్సవానికి మాకు ముగ్గుల పోటీ పెట్టి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చేవారు. నా దగ్గర అలాంటి డబ్బాలు ఏడున్నాయి, పప్పులు పోసుకోడానికి పనికొచ్చాయి. కానీ ఆ విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళకి జరిగిన మేలేమిటని అడిగితే నేను ముందు ఆ మేకు పేరే చెబుతాను.

ఆ నెలలోనే మేడమ్ ఎర్ర బల్బు కూడా తీయించేశారు. “నేను మాట్లాడుతుంటే ఎవరొచ్చినా పర్లేదు, తలుపు కొట్టి రమ్మను” అన్నారు. బల్బు బాగానే ఉంది. మంచి వస్తువు పారేయడం నా వల్ల కాదు. కాగితంలో చుట్టి నా అలమారాలో, చాక్‌పీసు డబ్బా వెనక దాచాను.

ఆ రోజుల్లోనే ద్వారకా నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఎవరో “నర్సమ్మా” అని పిలిచారు. సత్యవతి. కోచింగ్ సెంటర్ల మధ్య ఒక జెరాక్సు షాపు ఆమెదే. ఇద్దరమ్మాయిలు ఆమె దగ్గర పని చేస్తున్నారు. జుట్టు కొంచెం నెరిసింది, మనిషి దిట్టంగా ఉంది. నన్ను లోపల కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. పిల్లల సంగతి అడిగింది. వచ్చేస్తుంటే అంది:

“ఆ ఎర్ర దీపం ఇంకా ఉందా?”

“నేదమ్మా. తీసీసినారు.”

“ఎవరు? నువ్వేనా?”

“నాను కాదు. కొత్త మేడమ్.”

“ఓహో” అంది. తర్వాత చిన్నగా, “నువ్వేమో అనుకున్నాను” అంది.

కోపంగా అనలేదు. అందుకే అది ఇన్నేళ్ళూ నాలో ఉండిపోయింది.

నా తప్పు

మేడమ్ రిటైరయ్యాక కొత్త సారు వచ్చారు. మొదటి రోజే తలుపు పైన ఖాళీ హోల్డరు చూసి, “ఇక్కడ లైటుండాలే” అన్నారు. కొత్తది కావాలంటే స్టోర్సుకి ఇండెంటు కాగితం రాయాలి, సంతకాలు కావాలి, నెల పడుతుంది. నేను అలమారా తీసి, కాగితం విప్పి, తుడిచి, అప్పటికప్పుడే బిగించి ఇచ్చాను. “శభాష్” అన్నారు. ఒక ఇండెంటు మిగిల్చానని సంతోషపడ్డాను.

నా ఉద్యోగంలో చేసిన తప్పులన్నిటిలోకీ ఇదే పెద్దది. సత్యవతి మాట విన్న తర్వాత కూడా చేశాను. పొదుపు మంచిదే. కానీ ఏది దాచాలో, ఏది పగలగొట్టాలో తెలియని పొదుపు పిసినారితనం కూడా కాదు, మూర్ఖత్వం.

కొన్ని నెలలకే ఆ దీపం ఎవరు లోపలికి వెళితే వెలుగుతోందో గమనించాను. ఈసారి గమనించానని చెప్పుకోవచ్చు. అప్పుడేం చేశాను? పీహెచ్‌డీ చేసే అమ్మాయిలకు వరండాలో గుసగుసగా చెప్పాను, సారు గదిలోకి ఒంటరిగా వెళ్ళొద్దు, తోడు తీసుకెళ్ళమని. వాళ్ళకి గైడు ఆయనే. సంతకం ఆయనదే. ఒంటరిగా రమ్మంటే ఒంటరిగానే వెళ్ళాలి. నేను జాగ్రత్త చెప్పాననుకున్నాను. నిజానికి ఆయన పద్ధతి మార్చుకోవలసిన బరువు తీసి ఆ పిల్లల నెత్తిన పెట్టాను. నా గుసగుసల వల్ల ఆయనకి వీసమంత నష్టం జరగలేదు.

రెండోది చెంచా. దీపం వెలిగి పది నిమిషాలైతే టీ వంకన ట్రే పట్టుకుని బయలుదేరేదాన్ని. నియమం తప్పుతున్నానని తెలుసు. తలుపు దగ్గరికి రాగానే ట్రేలో చెంచా గ్లాసుకి తగిలించి గట్టిగా మోగించేదాన్ని. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి తలుపు తోసేదాన్ని. లోపల సారు కుర్చీలో వెనక్కి వాలి ఉండేవారు. అమ్మాయి గోడవైపు జరిగి ఫైలు పట్టుకుని ఉండేది. టీ బల్ల మీద పెట్టి వచ్చేసేదాన్ని. ఒక పిల్లని గట్టెక్కించాను అనుకునేదాన్ని.

పైడితల్లి అన్న మాటతో ఆ చెంచా ఎవరికోసం మోగిందో తెలిసింది. ఆయన సర్దుకోవడానికి మూడు లెక్కపెట్టేంత సమయం ఇచ్చాను. నా కంట పడకుండా నన్ను నేను కాపాడుకున్నాను. చూస్తే చెప్పాలి. చెబితే నా స్టూలు పోవచ్చు. చూడకపోతే, చూడలేదన్నది అబద్ధం కాదు. సత్యవతి దగ్గర చూపించిన అదే నిజాయితీ.

పైడితల్లికి జరిగింది క్లుప్తంగా చెబుతాను. బీరువా పై అరలోంచి ఫైలు తీయమని పిలిచి, వెనక నిలబడి నడుం మీద చేయి వేశారు. మొదటిసారి పొరపాటనుకుంది. నాలుగోసారి చేయి విదిలించి, “బాబుగారూ, సెయ్యి తియ్యండి” అంది. మర్నాటినుంచి ఆమెని మగవాళ్ళ బాత్రూములు కడగడానికి వేశారు, అదీ వాళ్ళు వచ్చీపోయే వేళలో. వారం తిరక్కుండా పొగరుబోతు అని కాంట్రాక్టరుకి ఫోను చేశారు.

ఆమె నా దగ్గరికి వచ్చినప్పుడు రాయొద్దన్నాను. ఆమె వినలేదు. లైబ్రరీలో పనిచేసే ఒకావిడ చేత రాయించి, తను సంతకం పెట్టి ఇచ్చింది.

కొత్తగా చేరేవాళ్ళకు

ఇప్పుడు కాలం మారింది అనను. మనుషులు అంతగా మారలేదు. కానీ అడిగేందుకు చోటు వచ్చింది. సత్యవతి రోజుల్లో ఫిర్యాదు ఎవరికివ్వాలంటే ఆ సారుకే ఇవ్వాలి. ఇప్పుడు ప్రతి చోటా ఒక కమిటీ ఉండాలని చట్టం. దానికి ఆడమనిషే పెద్ద. బయటి మనిషి ఒకరు ఉండాలి. కాంట్రాక్టు వాళ్ళకి, రోజుకూలీ వాళ్ళకి, అందరికీ అది వర్తిస్తుంది. మీకు రాయడం రాకపోతే రాయడానికి వాళ్ళే సాయం చేయాలి. మూడు నెలలలోపు ఇవ్వమంటారు, కాబట్టి నాలాంటి ముసలమ్మ ఓపిక పట్టమంటే పట్టకండి.

జరిగిన రోజు, వేళ, ఆ వేళకి వరండాలో ఎవరున్నారో ఏ కాగితమ్ముక్క మీదో రాసి ఇంట్లో పెట్టండి. క్యాలెండరు వెనకైనా సరే. పైడితల్లి రాసుకోలేదు, ఆమెకి అదొక ఇబ్బందైంది.

ఆడవాళ్ళ మాటల్తో జాగ్రత్త. “ఆడితో అదేటి నవ్వినాదో” అనే మాట మగవాళ్ళ నోట కంటే మా టీ గదిలోనే ఎక్కువ విన్నాను. నేనూ అన్నాను. పైడితల్లి పువ్వులు పెట్టుకొస్తే, పనికి ఇవన్నీ ఎందుకే అన్నాను. ఆమె తల్లో పువ్వుకి, ఆయన చేతికి ఏం సంబంధం? అయినా అన్నాను.

పైడితల్లి సంగతి ఏమైందని మీరు అడుగుతారు. ఆమె ఈరోజుకీ అక్కడే పనిచేస్తోంది, లైబ్రరీలో. ఆమె ఫిర్యాదు చూసి ఇద్దరు స్కాలర్లు తామూ రాసిచ్చారు. సారు ఆ గదిలో లేరు, పెద్దరికం లేదు, అమ్మాయిలకు గైడుగా ఉండే హక్కు తీసేశారు. అంతేనా అని కొందరంటారు. అంతే. చాలదని నాకూ తెలుసు. కానీ నేను చేరిన రోజుల్లో ఇందులో పావు వంతు జరుగుతుందన్నా నమ్మేదాన్ని కాదు. ఆ గది తలుపుకి ఇప్పుడు కంటి ఎత్తులో గాజు పలక పెట్టారు. మొన్న పైడితల్లి వచ్చి చెప్పింది, లైబ్రరీతో సహా అన్ని విభాగాల్లోనూ పెడుతున్నారట.

“ఆ అద్దాలు తుడవలేక సత్తన్నామత్తా” అంది.

“కాయితంతో తుడు. గుడ్డ కంటే బాగుంటాది” అన్నాను.

పిన్నీసు

టీ గదిలో పైడితల్లి ఆ మాటన్న సాయంత్రం నేను గ్లాసులు బోర్లించి, తాళం వేసి, గాజువాక బస్సెక్కాను. ఆ బస్సులో నా కథ ఒకటుంది. చేరిన కొత్తలో రోజూ ఎవడో ఒకడు వెనకనుంచి రాసుకునేవాడు. వారం చూసి జాకెట్టుకి పెద్ద పిన్నీసు ఒకటి పెట్టుకున్నాను. ఎవడైనా వాలితే గుచ్చేదాన్ని. కెవ్వుమంటే బస్సంతా వినేలా “ఏటి బాబూ, నిలబడ్డానికి నా మీదే సోటు దొరికినాదా?” అనేదాన్ని. కండక్టరు సైతం నవ్వి వాణ్ణి ముందుకు తోసేవాడు. రిటైరయ్యేదాకా ఆ పిన్నీసు మార్చలేదు, తుప్పు పట్టనివ్వలేదు.

ఆ రోజు కిటికీ పక్కన కూర్చుని జాకెట్టు మీదున్న ఆ పిన్నీసు తడిమి చూసుకున్నాను. బస్సులో పిన్నీసు పట్టిన చెయ్యే ఆఫీసులో చెంచా పట్టింది. తేడా ఒక్కటే. బస్సులోవాడు నన్ను పనిలోంచి తీసేయలేడు. అంటే నాది ధైర్యం కాదు, నష్టం లేని చోట నోరు. పైడితల్లికి నష్టం ఉంది. అయినా నోరు తెరిచింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల.

ఇంటికెళ్ళాక మా కోడలితో చెప్పాను, రేపు ఇస్త్రీ చీర కావాలని. ఇస్త్రీ చీర నేను పెళ్ళిళ్ళకి తప్ప కట్టను. “ఏటత్తమ్మా విశేషం?” అంది. “ఆఫీసులో పనున్నాది” అన్నాను.

మర్నాడు

పదింబావుకి కమిటీ గది బయట బెంచీ మీద పైడితల్లి ఒక్కర్తే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. పక్కన కూర్చున్నాను. నా చీర అంచు చూసి, “పెళ్ళికొచ్చినట్టొచ్చావు” అంది.

“నోర్ముయ్యే” అన్నాను.

ముందు ఆమెని పిలిచారు. తర్వాత నన్ను. బల్లకి అటువైపు నలుగురున్నారు. మధ్యలో ఉన్న ప్రొఫెసరమ్మ నన్ను కూర్చోమన్నారు. సారుల ముందు కుర్చీలో కూర్చోవడం నాకదే మొదటిసారి.

“మీరు కళ్ళతో ఏమైనా చూశారా?” అని అడిగారు ఆవిడ.

“నేదమ్మా.”

పక్కనున్నాయన, మా అంతస్తులోనే గది ఉన్నాయన, కలం కింద పెట్టారు. “చూడనప్పుడు ఏం చెప్పడానికి వచ్చారమ్మా?” అన్నారు.

“సూడకుండా నానేటి సేసినానో సెప్పడానికొచ్చినాను బాబూ. ఆ పిల్ల లోపలికెల్తే ఎర్ర లైటు ఎలిగీది. మగోళ్ళెల్తే ఎలిగీది కాదు. నాను టీ అట్టుకెల్లి, తలుపు కాడ సెంచా మోగించి, మూడు లెక్కెట్టి అప్పుడెల్లీదాన్ని. మీ గదికి ఇన్నాళ్ళు టీలిచ్చినాను. ఎప్పుడైనా సెంచా మోగించినానేటి? ఏటీ జరగని గదికి ఎవులైనా సెంచా మోగిస్తారా బాబూ?”

ఎవరూ నవ్వలేదు. ఆయన కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ప్రొఫెసరమ్మ, “మొదటి నుంచి నెమ్మదిగా చెప్పండి” అన్నారు. చెప్పాను. సత్యవతి దగ్గర్నుంచి చెప్పాను. అలమారాలో దాచిన బల్బు సంగతి కూడా చెప్పాను. రాసింది నాకు చదివి వినిపించారు. సంతకం పెట్టాను. అప్పలనర్సమ్మ అని పూర్తిగా రాయడానికి నాకు కొంచెం సమయం పడుతుంది. ఆగారు.

పదకొండున్నరకి తిరిగొచ్చి టీ కాచాను. సారుని కమిటీవాళ్ళు మధ్యాహ్నానికి రమ్మన్నారట, అప్పటికింకా తన గదిలోనే ఉన్నారు. తలుపు మూసి ఉంది, ఎర్ర దీపం వెలుగుతోంది. లోపల ఎవరున్నారో నాకు తెలియదు. ట్రేలోంచి చెంచా తీసి పక్కన పెట్టాను. తలుపు తోసి లోపలికి వెళ్ళాను. సారు ఒక్కరే ఉన్నారు. తలెత్తి నా వైపు చూశారు. టీ బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. నా స్టూలు జరిపి, తలుపు మూసుకోకుండా దానికి అడ్డం పెట్టాను. భోజనాల వేళదాకా వరండాలో నిలబడే ఉన్నాను.